నాన్నతో నాలుగు చుట్లు

"నడవడానికి కారేసుకుని పోవడమేంట్రా?"

శుక్రవారం పొద్దున్నే కారు వెనక ర్యాకుకి సైకిళ్లు బిగిస్తుంటే నాన్న అడిగిన ప్రశ్న ఇది. అడిగినదాంట్లో తప్పేం లేదు. ఇంగ్లండ్ పల్లెల్లో నడక మొదలయ్యేది కార్ పార్కులోనే. అక్కడో బోర్డు, దాని మీద మ్యాపు, మ్యాపు మీద చుట్టూ తిరిగి మళ్లీ అదే చుక్క దగ్గరికి వచ్చే ఓ గీత, పక్కన ఇన్ని మైళ్లు అని ఓ అంకె. ఎక్కడో తేలితే తీసుకురావడానికి బస్సు దొరకదు, కారేమో మొదలుపెట్టిన చోటే ఉంటుంది. కాబట్టి దారి గుండ్రంగా ఉండక తప్పదు.

"అంటే ప్రదక్షిణ అన్నమాట" అన్నారు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు రెండుసార్లు చేసిన మనిషి. అరుణాచలం 14 కిలోమీటర్లంటే ఆయన లెక్కలో టిఫిన్‌కి ముందు అయిపోయే పని.

మేముండేది షెఫీల్డ్‌లో. ఊరు దాటితే చాలు, పీక్ డిస్ట్రిక్ట్ కొండలు మొదలవుతాయి. ఆగస్టు చివరి సోమవారం బ్యాంక్ హాలిడే. శుక్రవారం ఒక్క సెలవు పెడితే నాలుగు రోజులు కలిసొచ్చాయి. మా ఆవిడకి నాలుగు రోజులూ డ్యూటీనే. అందుకని తన ఎలక్ట్రిక్ సైకిలు నాన్నకిచ్చాను. నాన్నకి అరవై తొమ్మిదేళ్లు. నరసరావుపేట దగ్గర పల్లెలో లెక్కల మాస్టారుగా చేసినన్నాళ్లూ సాగర్ కుడి కాలువ కట్ట మీద సైకిలు తొక్కే బడికి వెళ్లేవారు. "మోటారున్నది సైకిలెట్లా అవుద్ది?" అని కాసేపు వాదించారు. ఇక్కడి చట్టం ప్రకారం మోటారు 250 వాట్లకి మించకూడదు, గంటకి పదిహేనున్నర మైళ్లు దాటాక సాయం చేయడం ఆపేయాలి. అలా ఉంటే అది మామూలు సైకిలే, సైకిలు వెళ్లగలిగే ప్రతి చోటికీ వెళ్లొచ్చని చెప్పాను. బ్యాటరీ ఊడదీసి వెనక సీట్లో పెట్టాను. లేకపోతే ఆ బరువుకి ర్యాకు ఒక పక్కకి ఒరిగిపోతుంది.

నాలుగు కార్ పార్కులు, నాలుగు చుట్లు. నడకకని గీసిన ఆ గుండ్రటి దారుల్లో సైకిలుకి ఏవి పనికొస్తాయో తేల్చుకోవాలన్నది నా ప్లాను.

మొదటి రోజు, శుక్రవారం: కార్సింగ్టన్

కార్సింగ్టన్ వాటర్ డెర్బీషైర్‌లో ఓ పెద్ద రిజర్వాయరు. చుట్టూ దాదాపు ఎనిమిది మైళ్ల దారి. విజిటర్ సెంటర్ పక్కన విశాలమైన కార్ పార్కు ఉంది. పార్కింగ్ మెషిన్ చూపించిన అంకెని నాన్న గబగబా రూపాయల్లోకి మార్చారు. "దీంతో మన ఇంట్లో రెండు నెలల పేపర్ బిల్లు కట్టొచ్చు" అని, ఆ తర్వాత నాలుగు రోజులూ ఏ మెషిన్ కనపడినా తల పక్కకి తిప్పుకున్నారు.

దారి బాగుంది. గట్టిగా అణగదొక్కిన సన్నకంకర, రెండు సైకిళ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు. అవతలి ఒడ్డున ఎగుడుదిగుళ్లు కాస్త ఎక్కువే. నేను గేర్లు మారుస్తూ రొప్పుతుంటే నాన్న ఆ మోటారు సాయంతో నన్ను దాటుకుంటూ పోయారు, మోటారున్నది సైకిలే కాదన్న మనిషి. ఉత్తరం వైపు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అక్కడ దారి మెయిన్ రోడ్డు దాటి హాప్టన్, కార్సింగ్టన్ ఊళ్ల మీదుగా పోయి, మళ్లీ రోడ్డు దాటి నీళ్ల పక్కకి వస్తుంది. కార్లు వేగంగా వస్తాయి. పిల్లలతో వెళ్తే అక్కడ దిగి నడిపించుకోవడమే మేలు.

అసలు గొడవ బెల్లు దగ్గర వచ్చింది. నాన్న నరసరావుపేట బస్టాండు సెంటర్లో కొట్టినట్టు ఆపకుండా కొడుతున్నారు. ముందు నడుస్తున్న ముసలి దంపతులు ఉలిక్కిపడి గడ్డిలోకి జరిగారు, వాళ్ల కుక్క మాత్రం కదల్లేదు. ఆపి చెప్పాను: "నాన్నా, దూరం నుంచి ఒక్కసారి కొట్టాలి. వాళ్లు జరిగాక నెమ్మదిగా దాటుతూ థాంక్యూ చెప్పాలి." ఆయన కాసేపు ఆలోచించి, "బెల్లు కొట్టకపోతే మనం వస్తున్నట్టు తెలీదు, కొడితే వాళ్లకి కోపం. మరెట్లా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. తర్వాతి మలుపు నుంచి బెల్లు కొట్టడం మానేసి, ఇరవై అడుగుల దూరం నుంచే "థాంక్యూ! థాంక్యూ!" అని అరుస్తూ వెళ్లారు. అది బ్రహ్మాండంగా పనిచేసింది. అందరూ నవ్వుతూ దారిచ్చారు.

పులిహోర డబ్బా విప్పింది ఆనకట్ట మీద. ఈ కట్టని కడుతుండగానే 1984లో ఓ భాగం జారిపోయింది. మళ్లీ కట్టి 1992లో ఎలిజబెత్ రాణి చేత ప్రారంభింపజేశారు. దీనికి నీళ్లు ఎక్కువగా వచ్చేది డెర్వెంట్ నది నుంచి. వానాకాలం, చలికాలాల్లో నదిలో నీళ్లు దండిగా ఉన్నప్పుడు పంపులతో ఇక్కడికి ఎత్తిపోస్తారు, ఎండాకాలం నది సన్నబడితే తిరిగి వదులుతారు. "ఫిక్స్‌డ్ డిపాజిట్టు" అని నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు.

రెండో రోజు, శనివారం: డెర్వెంట్ లోయ

ఫెయిర్‌హోమ్స్ కార్ పార్కుకి ఎనిమిదికల్లా చేరాం. బ్యాంక్ హాలిడే వారాంతంలో పది దాటితే అక్కడ చోటు దొరకదు, రోడ్డు పక్కన ఎక్కడో పెట్టుకుని మైలు నడవాలి. శని, ఆదివారాల్లో ఇక్కడి నుంచి పై రోడ్డుని కార్లకి మూసేస్తారు. సైకిలు తొక్కేవాళ్లకి అంతకంటే పండగ లేదు.

డెర్వెంట్, హౌడెన్ అనే రెండు రిజర్వాయర్ల చుట్టూ దాదాపు పది మైళ్లు. పడమటి ఒడ్డు తారురోడ్డు, తూర్పు ఒడ్డు రాళ్ల బాట. పడమర నుంచే మొదలుపెట్టమని నా సలహా. ఒళ్లు వేడెక్కేదాకా నున్నటి రోడ్డు మీద పోవచ్చు, రాళ్లతో కుస్తీ ఎటూ తర్వాత తప్పదు.

డెర్వెంట్ డ్యామ్ దాటుతుండగానే రోడ్డు పక్కన ఓ స్మారక శిల కనిపించింది. టిప్ అనే గొర్రెల కాపరి కుక్కది. 1953 డిసెంబరులో జోసెఫ్ ట్యాగ్ అనే 85 ఏళ్ల కాపరి ఈ కొండల మీద చనిపోతే, మరుసటేడు మార్చిలో శవం దొరికేదాకా పదిహేను వారాలు ఆ చలిలో కుక్క పక్కనే ఉంది. నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చెమట అన్నారు. అప్పటికి మేం తొక్కింది అర మైలు కూడా లేదు.

ఇంకొంచెం పైకి వెళ్తే బర్చిన్‌లీ. ఇప్పుడక్కడ ఉన్నవి చెట్లే. నూరేళ్ల కిందట, ఈ రెండు డ్యాములు కట్టేటప్పుడు, కూలీల కోసం రేకుల ఇళ్లతో ఊరే వెలిసింది. టిన్ టౌన్ అనేవాళ్లు. బడి, ఆసుపత్రి, రైల్వే స్టేషను అన్నీ ఉండేవి. 1912లో హౌడెన్, 1916లో డెర్వెంట్ పూర్తయ్యాయి, ఊరు ఊడదీసుకుని పోయింది. నాన్న సైకిలు దిగి చెట్ల మధ్యకి చాలాసేపు చూశారు. మా తాత నాగార్జునసాగర్ కట్టేటప్పుడు అక్కడ రాళ్లు మోశాడు. నాన్న చిన్నప్పుడు కొన్ని నెలలు అక్కడి గుడిసెల్లోనే ఉన్నారట. "మాదీ ఇట్టాంటిదేరా. మాకు రేకులు కూడా లేవు, తాటాకులు." అంతే అన్నారు.

రోడ్డు నీటి పాయల వెంట లోపలికి పోయి మళ్లీ బయటికి వస్తూ వంకరలు తిరుగుతుంది. అవతలి ఒడ్డు చేత్తో అందుకునేంత దగ్గరగా కనిపిస్తుంది, తీరా చూస్తే అరగంట ప్రయాణం. చివరికి కింగ్స్ ట్రీ అనే చోట తారు ఆగిపోయి మట్టి బాట మొదలవుతుంది. లోయ కొసన స్లిప్పరీ స్టోన్స్ దగ్గర వాగు మీద చిన్న రాతి వంతెన. ఇది పుట్టింది ఇక్కడ కాదు. దిగువన లేడీబవర్ రిజర్వాయరు కట్టినప్పుడు డెర్వెంట్, ఆషాప్టన్ అనే రెండు ఊళ్లు మునిగిపోయాయి. డెర్వెంట్ ఊళ్లోని ఈ పాత వంతెనని రాయి రాయికీ అంకె వేసి విప్పి, తర్వాత ఇక్కడ మళ్లీ పేర్చారు. ఆ ఊరి చర్చి శిఖరాన్ని మాత్రం నీళ్ల మధ్యలో అలాగే నిలబెట్టి, చివరికి 1947లో పేల్చేశారు.

"నాగార్జునకొండ" అన్నారు నాన్న. అక్కడా అంతే కదా. లోయలో తవ్వినవాటిని మునగకముందే కొండ మీదికి చేర్చి మళ్లీ పేర్చారు. ఇప్పుడది చుట్టూ నీళ్లున్న దీవి. వంతెన గోడ మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతూ ఆయన ఒక్కో రాయినీ వేలితో తడిమి చూశారు, అంకెలేమైనా మిగిలాయేమోనని. ఏం కనిపించలేదు.

తిరుగుదారిలో మాత్రం చుక్కలు కనిపించాయి. తూర్పు ఒడ్డున పిడికిలంత రాళ్లు, గుంటల్లో నిన్నటి వాన. నా సన్న టైర్లు ప్రతి రాయినీ వెన్నెముకకి అప్పజెప్పాయి. లావు టైర్లున్న సైకిలుకి ఈ దారి ఆట, నాబోటి ఆఫీసు సైకిలుకి శిక్ష. నాన్న రెండు చోట్ల దిగి నడిపించారు. ఎదురుగా గుర్రమెక్కి ఒకావిడ వస్తే ఊళ్లో దేవుడి పల్లకీకి నిలబడ్డట్టు పూర్తిగా పక్కకి జరిగి, సైకిలు పట్టుకుని నిలబడ్డారు. ఆయనకి తెలీకుండానే చట్టం పాటించారు. ఇది బ్రైడిల్‌వే, అంటే గుర్రాలకి హక్కున్న బాట. ఇలాంటి బాటల మీద సైకిళ్లకి హక్కొచ్చింది 1968 చట్టంతో. అదీ నడిచేవాళ్లకి, గుర్రాలకి దారివ్వాలన్న షరతు మీద.

గేటు మీదున్న నీలం బాణం చూపించి మాస్టారికి పాఠం చెప్పాను. నీలం బాణం బ్రైడిల్‌వే: నడక, గుర్రం, సైకిలు. పసుపు బాణం ఫుట్‌పాత్: నడక ఒక్కటే. ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ల 25 వేల స్కేలు మ్యాపులో రెండూ ఆకుపచ్చ గీతలే. పొట్టి ముక్కలుంటే ఫుట్‌పాత్, పొడుగు ముక్కలుంటే బ్రైడిల్‌వే. కార్ పార్కు బోర్డు మైళ్లు చెప్తుంది కానీ, ఈ రంగు చాలాసార్లు చెప్పదు. నాన్న శ్రద్ధగా విని, "గుర్తుపెట్టుకో" అన్నారు నాతో.

మూడో రోజు, ఆదివారం: పసుపు బాణం

గుర్తుపెట్టుకోలేదు.

సున్నపురాతి గోడల మధ్య పచ్చిక బీళ్లున్న వైట్ పీక్ వైపు వెళ్లాం. ఓ పల్లె చివర పది కార్లు పట్టే చిన్న కార్ పార్కు. బోర్డు మీద నాలుగు మైళ్ల గుండ్రటి దారి. నాలుగు మైళ్లే కదా అని మ్యాపు కారులోనే వదిలేశాను. మొదటి అర మైలు ట్రాక్టరు బాట, హాయిగా సాగింది. తర్వాత గడ్డి. తర్వాత గోడ.

ఆ గోడలో ఉన్నది గేటు కాదు, సందు. నిలువుగా పాతిన రెండు రాళ్లు, పైన మనిషి నడుం పట్టేంత ఎడం, కిందికొచ్చేసరికి మోకాలు పట్టేంత. మనిషి పక్కకి తిరిగి దూరిపోతాడు, గొర్రె దూరలేదు. సైకిలు సంగతి ఎవరూ ఆలోచించలేదు, ఈ రాళ్లు పాతిన నాటికి సైకిలు పుట్టి ఉండదు కూడా. నా సైకిలుని ఎత్తి గోడ దాటించేశాను. ఎలక్ట్రిక్ సైకిలు ఎత్తబోతే నడుం కలుక్కుమంది. సరే, వెనక చక్రం మీద నిలబెట్టి సందులోంచి తోద్దామనుకున్నాను. ముందు నాన్న లాగుతున్నారు, వెనక నేను నెడుతున్నాను. సగం దూరాక ఎడమ పెడల్ రాయికి తన్నుకుని బిగుసుకుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ రాదు.

"పెడల్ వెనక్కి తిప్పు" అన్నారు నాన్న.

"తిరగట్లేదు నాన్నా."

"అయితే సైకిలు వంచు. నువ్వు తోస్తున్నది లంబకోణంలో. ఏటవాలుగా వంచు." రిటైరైనా పాఠం ఆగదు.

వంచాం. కిర్రుమని రాయి మీద తెల్లటి గీత పడింది, పెడల్ విడిపోయింది. అప్పుడు తల తిప్పి చూస్తే, సందు పక్కన కర్ర మీద, నా భుజానికి జానెడు దూరంలో, పసుపు బాణం. నాన్న దాన్ని నాకంటే ముందే చూశారట. "నువ్వేదో కనుక్కునే వచ్చుంటావులే అనుకున్నా" అన్నారు. ఇంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

ఆ పొలం రైతు నాలుగు చక్రాల బండి మీద వచ్చాడు. కోప్పడలేదు. ఇది నడిచే దారి, మీరు అటు లేన్ మీదుగా పోతే సుఖం అని చెయ్యి చూపించి, మేమొచ్చిన సందులోంచే సైకిలు వెనక్కి లాగడానికి సాయం పట్టాడు. ఫుట్‌పాత్ మీద సైకిలు తొక్కితే పోలీసులొచ్చి పట్టుకుపోరు. మామూలుగా అది నేరం కాదు, భూమి యజమానికీ మనకీ మధ్య సివిల్ తగాదా. కానీ ఆ మనిషి గడ్డిలో మా టైర్ల చారలు చూసుకుంటూ వెళ్తుంటే సిగ్గేసింది. వెళ్తూ వెళ్తూ నాన్నని "మి డక్" (మై డక్) అని పలకరించాడు.

"బాతంటాడేంట్రా నన్ను?"

డెర్బీషైర్‌లో అది ముద్దు పిలుపు, మనం అబ్బాయ్ అన్నట్టని చెప్పాను. ఆ సాయంత్రం ఫోన్లో మా అమ్మకి ముందుగా చెప్పింది ఈ సంగతే. సైకిలు ఇరుక్కున్న సంగతి మాత్రం ఇద్దరం అమ్మకీ చెప్పలేదు, మా ఆవిడకీ చెప్పలేదు. పెడల్ మీద గీత చూసి తను అడిగితే అప్పుడు చూసుకోవచ్చు.

మధ్యాహ్నం పరువు దక్కించుకోవడానికి పార్స్‌లీ హే వెళ్లాం. పాత రైలుమార్గాలు రెండు, హై పీక్ ట్రైల్, టిస్సింగ్టన్ ట్రైల్, ఇక్కడ కలుస్తాయి. పట్టాలు తీసేసి నడకకీ సైకిళ్లకీ గుర్రాలకీ ఇచ్చేశారు. ఇక్కడ రైలు ఎక్కలేని ఎత్తులేవీ లేవు కాబట్టి నాన్న ఎక్కలేనివీ లేవు. సాఫీ దారి, గొర్రెల అరుపులు, గాలి. లోపం ఒక్కటే: ఇది గుండ్రం కాదు, వెళ్లిన దారినే తిరిగి రావాలి. పోయేటప్పుడు వీపున తోసిన గాలి వచ్చేటప్పుడు మొహాన కొట్టింది. అయినా మొదటిసారి సైకిలెక్కే మిత్రులెవరడిగినా నేను ముందు ఇలాంటి రైలుదారులే చెప్తాను. చుట్టు పూర్తిచేసిన తృప్తి ఉండదు, ఇరుక్కునే సందులూ ఉండవు.

నాలుగో రోజు, సోమవారం: బౌడెన్ బ్రిడ్జ్

హేఫీల్డ్ దగ్గర బౌడెన్ బ్రిడ్జ్ కార్ పార్కు ఒకప్పుడు రాతి క్వారీ. లోపలికి వెళ్లగానే రాతి గోడకి ఓ ఫలకం. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందల మంది ఇక్కడే గుమిగూడి కిండర్ స్కౌట్ కొండెక్కారు. ఎక్కువమంది మాంచెస్టర్ చుట్టుపక్కల పనివాళ్లు, కుర్రాళ్లు. వారమంతా మిల్లుల్లో పని, దొరికేది ఒక్క ఆదివారం. కొండ చూస్తే కళ్లెదుటే ఉంది, కానీ దొరలు పక్షుల వేట కోసం కంచె కట్టి కాపలా పెట్టుకున్నారు. వీళ్లు చెప్పి మరీ చొరబడ్డారు. కాపలావాళ్లతో తోపులాట జరిగింది. ఐదుగురికి రెండు నెలల నుంచి ఆరు నెలల దాకా జైలు పడింది. నాయకుడు బెన్నీ రోత్‌మన్‌కి అప్పుడు ఇరవయ్యేళ్లు. కేసు పెట్టింది చొరబాటు మీద కాదు, అల్లర్లు చేశారని.

నాన్న ఫలకం రెండుసార్లు చదివారు. పల్నాడు మనిషికి వెంటనే ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పక్కర్లేదు. "అప్పటికి పదేళ్ల ముందే మన కన్నెగంటి హనుమంతుని కాల్చేశారు" అన్నారు. అడవిలో పశువులు మేస్తే పుల్లరి కట్టాలన్నందుకు తిరగబడ్డ మనిషి, 1922లో పోయాడు. "మనవాళ్లు పశువుల మేత కోసం, వీళ్లు ఆదివారం నడక కోసం." కాసేపాగి, "తేలిగ్గా అనట్లేదులే. ఉన్న ఒక్కరోజూ ఊపిరాడకపోతే అదీ కష్టమే" అన్నారు.

1951లో పీక్ డిస్ట్రిక్ట్ ఈ దేశంలో మొదటి నేషనల్ పార్కు అయింది. 2000 నాటి చట్టంతో ఇలాంటి బీడు కొండల మీద దారి లేని చోట కూడా నడిచే హక్కు వచ్చింది. అయితే అది కాళ్లకి మాత్రమే, సైకిలుకి కాదు. అందుకే ఆ రోజు సైకిళ్లకి ర్యాకు మీదే తాళం వేసి, ఇద్దరం నడిచాం. ఏటి పక్కన రోడ్డు వెంట పోయి, గేటు దగ్గర రాళ్లు పరిచిన ఏటవాలు ఎక్కితే కింద కిండర్ రిజర్వాయరు. ఆగస్టు చివర కదా, హెదర్ పొదలు పూసి కొండలన్నీ వంకాయ రంగులో ఉన్నాయి. నాన్న మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, నెమ్మదిగా, మొత్తం చుట్టూ తిరిగొచ్చారు. దారిలో పసుపు బాణం కనపడ్డప్పుడల్లా ఆగి నా వైపు చూశారు.

కార్ పార్కుకి తిరిగొచ్చేసరికి బోర్డు ముందు ఓ కుర్రాడు లావు టైర్ల సైకిలు పట్టుకుని తల గోక్కుంటున్నాడు. గుండ్రటి గీత మీద వేలు పెట్టి, సైకిలు మీద దీని చుట్టూ వెళ్లొచ్చా అని మమ్మల్ని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా నాన్న ముందుకొచ్చారు.

"నో యెల్లో. ఓన్లీ బ్లూ" అన్నారు, చూపుడువేలు ఊపుతూ, మూడో తరగతి పిల్లాడికి చెప్పినట్టు. తర్వాత రెండు అరచేతులూ కొద్దిపాటి ఎడంతో నిలబెట్టి చూపించి, "వెరీ టైట్" అని కలిపారు.

కుర్రాడికి ఎంత అర్థమైందో తెలీదు. ఆ ఊరి మీదుగానే పెన్నైన్ బ్రైడిల్‌వే పోతుంది, అది సైకిళ్లకీ దారేనని నేను మ్యాపులో పొడుగు ముక్కల గీత చూపించాను. థాంక్యూ చెప్పి అటు తిరిగాడు. నాన్న కారు వెనక డిక్కీ అంచున కూర్చుని, మిగిలిన పులిహోర డబ్బా తీసి, బూట్ల లేసులు విప్పుకుంటున్నారు.